సోఫా వెనకాల కూర్చున్న మనిషి

పోయినవారం పెద్దమ్మాయి నవ్వుకుంటూ ఉండగా వదిలి వచ్చాం. ఆ నవ్వుకి ఈ వారం గండం ఉంది. ఆ నవ్వు ఎక్కడి నుంచి పుట్టిందో ముందు ఒకసారి గుర్తు చేసుకుందాం.

మేస్త్రి దుకాణంలో పాత సోఫాలకి కొత్త ఒళ్లు తొడుగుతారు. వీపు భాగానికి గుండీలు కుట్టాలంటే ఒక్క మనిషి చాలడు. వీపుని ఊడదీసి, రెండు బల్లల మధ్య గోడలా నిలబెడతారు. ముందువైపు కూర్చున్నవాళ్లు మూరెడు దబ్బనాన్ని గుండీలోంచి గుచ్చి అవతలికి నెడతారు. వెనకవైపు కూర్చున్నవాళ్లు దాన్ని లాగి, పురికొస బిగించి, మళ్లీ ఇవతలికి పంపుతారు. ఆ దబ్బనానికి రెండు వైపులా మొనలే. మధ్యలో పీచు, స్పాంజి, గోనెపట్టా. ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఎదురుపడి మంచినీళ్లు కూడా అడగలేని వాడికి సైతం అక్కడ కూర్చుంటే నోరు వస్తుంది.

ముందువైపు కూర్చునేది కొత్తబ్బాయి. పనిలో చేరి ఏళ్లు గడిచినా ఆ పేరు పాతబడలేదు, అతని మొహమాటమూ పాతబడలేదు. వెనకవైపు మామూలుగా మేస్త్రి చిన్నకూతురు కూర్చుంటుంది. ఆ రోజు తలనొప్పిగా ఉందని చిన్నది లేచి వెళ్లిపోతే, గుడ్డ కత్తిరించే పని పక్కన పెట్టి పెద్దకూతురు కూర్చుంది. టీ తాగి వచ్చిన కొత్తబ్బాయి తన చోట తాను కూర్చుని, కాసేపు కుట్టి, ఉన్నట్టుండి అన్నాడు: "నాకు మాట్లాడటం రాదు, నీకు తెలుసు. నాకు నువ్వు కావాలి. బతికినంతకాలం. ఇష్టమైతే దబ్బనం ఇటు పంపు. లేకపోతే నీ దగ్గరే ఉంచేసుకో. మళ్లీ అడగను."

పెద్దమ్మాయి దబ్బనం పంపింది.

అవతల నుంచి "చాలు" అన్న ఒక్క మాట వినపడింది. ఆమె లేచి చూసేసరికి అతను చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ వీధిలోకి పరిగెత్తుతున్నాడు. ఇన్నాళ్లూ తనని 'మీరు' అన్న మనిషి ఆ రోజు 'నువ్వు' అన్నాడు. ఆ పిలుపునే ఆమె పొద్దునా సాయంత్రం తల్చుకుంటూ తిరుగుతోంది. అంతవరకే పోయినవారం కథ.

ఇక ఈ రోజు సంగతి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేస్త్రి బయట వ్యానులో తాళ్లు సర్దుతున్నాడు. ఒక డాక్టరుగారి కుర్చీలు అప్పగించి రావాలి. లోపల పెద్దమ్మాయి బల్ల మీద ఆకుపచ్చ మఖమలు పరిచి, సుద్దతో గీత గీసి, పెద్ద కత్తెర పట్టుకుంది. ఇరవయ్యారేళ్లు నిండాయి ఆమెకి. తల్లి పోయిన ఇంట్లో పెద్దకూతురంటే చెల్లెలికి తల్లి, తండ్రికి కాపలా, దుకాణానికి కత్తెర. అద్దంలో మొహం చూసుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది, తీరిక లేక కొంత, చూసి చేసేదేముందని కొంత. ఈమధ్య మళ్లీ మొదలుపెట్టింది. ఆ రోజు నుదుట బొట్టు కూడా కొంచెం పెద్దదే పెట్టుకుంది.

కొత్తబ్బాయి చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. వచ్చి నిలబడి, సుద్దముక్కని అటు దొర్లించి ఇటు దొర్లించాడు.

"దాన్నెందుకు చంపుతావు? చెప్పదలచుకుంది చెప్పు" అంది ఆమె, నవ్వు పెదవి దాటకుండా ఆపుకుంటూ.

"ఈ రోజు మేస్త్రిగారితో చెప్పేద్దామనుకుంటున్నానండీ. వ్యానులో ఇద్దరమే ఉంటాం కదా."

"చెప్పు మరి."

"భయంగా ఉంది."

"ఆయనేం కొరకడు. మహా అయితే దారిలో దింపేస్తాడు, నడిచి వస్తావు."

"మీరు నవ్వండి. ఆయన కాదంటే మీరు నా పక్షాన ఉంటారా?"

"ఇంకెవరి పక్షాన ఉంటాను?" అంది ఆమె. అన్న తర్వాత చెవులు వేడెక్కాయి. తల వంచుకుని కత్తెర కదిలించింది. అందరి ముందూ 'మీరు', చాటున 'నువ్వు'. ఎంత జాగ్రత్త మనిషి అనుకుంది. ఆశ పుట్టిన మనసుకి అన్నిటికీ ఒక సమాధానం దొరుకుతూనే ఉంటుంది. అతను మొహం తిప్పుకుంటే సిగ్గు అనుకుంది. పలకరించకపోతే ప్రేమ అనుకుంది. వారం రోజులుగా అతను దుకాణం మీదున్న ఇంటి కిటికీ వైపే చూస్తుంటే, తాను దుకాణంలో ఉన్నా తన ఇల్లు కాబట్టి చూస్తున్నాడనుకుంది. ఆ వయసులో తెలివి ఉండదని కాదు, ఉన్న తెలివంతా మనల్ని మనం మోసం చేసుకోవడానికే ఖర్చయిపోతుంది.

"అసలు అందరికంటే ముందు మీకే చెప్పాలి" అన్నాడతను. "ఆ రోజే చెప్పాల్సింది. మొహమాటపడ్డాను. తల్లి తర్వాత తల్లి మీరు తనకి. మిమ్మల్ని దాటి ఎలా?"

కత్తెర నడుస్తూనే ఉంది. "ఎవరికి?" అంది ఆమె.

"తనకేనండీ. తను మీకింకా చెప్పలేదా?" అతని మొహం వెలిగిపోతోంది. "మీరు ఒక్క మాట సాయం చేస్తే సగం పని అయిపోయినట్టే, వదినా."

వదినా.

ఆ పిలుపు అంతకుముందు అతని నోట ఎప్పుడూ రాలేదు. కొత్త చొక్కా వేసుకున్నవాడిలా, సరిగ్గా పట్టిందో లేదో అని చూసుకుంటూ, ముచ్చటగా పలికాడు. చెల్లెల్ని చేసుకోబోయేవాడు అక్కని పిలిచే పిలుపు. లోకంలో ఎంతోమందికి అది తియ్యని మాట.

విచిత్రమేమిటంటే ఆమె చెయ్యి ఆగలేదు. కత్తెర తన పాటికి తాను మఖమలు మీద నడిచి, సుద్ద గీత దాటి, గుడ్డ మధ్యలోకి వెళ్లిపోయింది.

"అయ్యో, గీత దాటేసిందండీ!" అన్నాడు కొత్తబ్బాయి. "డాక్టరుగారి సోఫా గుడ్డ కదా ఇది?"

"చేతి కుర్చీకి సరిపోతుంది. చిన్న ముక్కలు చేస్తాను." గొంతు మామూలుగానే వచ్చింది. ఇన్నేళ్లు సంసారం ఈదిన గొంతు, దానికి ఎలా రావాలో తెలుసు. "అది... ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది వదినా! నోటితో కాదు." ఇక అతనికి పట్టపగ్గాల్లేవు. మాట్లాడటం రానివాడు ఒకసారి మొదలుపెడితే ఎదుటివాళ్ల మొహం చూడడు. "ఆ నీలం సోఫా కుడుతున్న రోజు. మీరు లేరు ఇక్కడ, లోపలికి వెళ్లారనుకుంటా. తను వెనకాల కూర్చుంది. ఆ ఎర్రపట్టీల చెప్పులు కింద నుంచి కనపడుతూనే ఉన్నాయి."

ఎర్రపట్టీల చెప్పులు చిన్నదానివి. గుమ్మం దగ్గర ఏవి దొరికితే అవి కాళ్లకి తగిలించుకునే ఇల్లు అది. ఆ రోజు పెద్దమ్మాయికి అవి దొరికాయి.

"అడిగేశాను. ఇష్టమైతే దబ్బనం ఇటు పంపమన్నాను. వెంటనే పంపలేదు వదినా. కాసేపు అవతల చప్పుడే లేదు. ఆ కాసేపట్లో నేను సగం చచ్చాను. అయిపోయింది, పని కూడా మానేసి ఊరొదిలి పోవాల్సిందే అనుకున్నాను. అప్పుడు గుడ్డ కొంచెం ఉబ్బింది. మొన బయటికొచ్చింది. ఎలా వచ్చిందో తెలుసా? వణుకుతూ వచ్చింది. రోజూ పంపేటప్పుడు టకామని పొడుస్తుంది తను, నా వేళ్లు ఎన్నిసార్లు చిల్లులు పడ్డాయో. ఆ రోజు మాత్రం, పట్టుకుంటే నొప్పి పుడుతుందేమో అన్నట్టు మెల్లగా, వణుకుతూ..." అతను తన వేలి కొస చూసుకున్నాడు. "మనిషి లోపల ఎంత ఉంటే అలా వణుకుతుంది వదినా?"

"చాలా ఉండాలి" అంది పెద్దమ్మాయి.

తన కథని తనకే చెబుతున్నారు, తన చోట ఇంకో మనిషిని కూర్చోబెట్టి. వణుకు తనది. ఆగిన ఆ కాసేపూ తనది. ఆ కాసేపట్లో ఆమె చేసిందేమిటంటే, దబ్బనాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఇంతకాలం పేరు పెట్టుకోవడానికి కూడా భయపడ్డ కోరికకి మొదటిసారి పేరు పెట్టుకుంది. అదంతా ఇప్పుడు చిన్నదాని ఖాతాలోకి వెళ్లిపోయింది.

చెప్పడానికి ఒక్క ముక్క చాలు. 'అది నేను.' రెండు మాటలు. కానీ ఆ మాటలు నోటి దాకా వస్తే వాటి వెనకే వచ్చేవి ఆమెకి కనపడ్డాయి. అతని మొహంలో మొదట అర్థం కాకపోవడం, తర్వాత అర్థం కావడం, ఆ తర్వాత జాలి. 'అయ్యో, మీరా?' అంటాడు. ఆ 'మీరా' వినడం కంటే కత్తెర కింద వేలు పెట్టడం సులువు. ఇరవయ్యారేళ్ల మనిషికి బాధ పడటం రాకపోదు, బాధపడుతుండగా ఎవరైనా చూస్తే భరించడమే రాదు.

అయినా సరే, ఆమె మంచి మనిషి. మంచితనం అలవాటైపోయిన మనిషి. నోరు తెరిచింది. "ఆ రోజు వెనకాల కూర్చున్నది..."

"ఒరేయ్ కొత్తా!" బయట నుంచి మేస్త్రి కేక పెట్టాడు. "కుర్చీలకి కాళ్లున్నాయని వాటంతటవే నడిచొచ్చి వ్యానెక్కుతాయనుకున్నావా?"

"వస్తున్నా మేస్త్రిగారూ!" కొత్తబ్బాయి రెండు కుర్చీలు రెండు భుజాల మీద వేసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు. "దీవించండి వదినా" అన్నాడు.

ఆమె తల ఊపింది. అది దీవెన అనుకుని అతను వెళ్లిపోయాడు.

వ్యాను మలుపు తిరిగే దాకా ఆమె కదల్లేదు. తర్వాత కత్తెర బల్ల మీద పెట్టి, పాడైపోయిన మఖమలు మడత పెట్టి, దుకాణం వెనకనున్న మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లింది. మీద రెండే గదులు. ముందు గదిలో కిటికీ దగ్గర చిన్నది కూర్చుని, తడి జుట్టు ముందుకు వేసుకుని చిక్కు తీసుకుంటోంది. ఇరవై దాటినా చిక్కు తియ్యడం పూర్తిగా చేతకాదు. సగం తీసి, మిగతాది అక్క చేతిలో పెడుతుంది.

"వచ్చావా? ఇదిగో, ఈ ముడి చూడక్కా, రావట్లేదు" అంది దువ్వెన అందిస్తూ.

పెద్దమ్మాయి అందుకోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

చిన్నది జుట్టు సందుల్లోంచి చూసింది. "ఏంటా మొహం? అతనేమన్నా అన్నాడా?" దువ్వెన ఒళ్లో పెట్టుకుంది. "మళ్లీ అడిగాడా నిన్ను? ఏడ్చాడా?"

"ఎందుకేడుస్తాడు?"

"అదే... ఆ రోజు నువ్వు వద్దన్నావుగా. పాపం, ఏమైపోతాడో అని భయపడ్డాను. చూస్తే నవ్వుతూ తిరుగుతున్నాడు. గట్టివాడే అనుకున్నాను."

పెద్దమ్మాయికి మొదట ఆ మాటలు ఒకదానికొకటి అతకలేదు. "నేను వద్దన్నానని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నీ సంగతి నాకు తెలియదా?" చిన్నది తల దించుకుంది. "ముందు రోజే అన్నాడక్కా. 'రేపు సోఫా కుట్టేటప్పుడు నిన్నొకటి అడగాలి' అని. వాడి మొహం చూస్తే ఏమడుగుతాడో చంటిపిల్లకైనా తెలుస్తుంది. రాత్రంతా ఏం చెప్పాలా అని వెతుక్కున్నాను. నాకతనంటే కోపమేం లేదు, మంచివాడే. కానీ అలా ఎప్పుడూ అనుకోలేదు. ఎదురుగా కూర్చుని 'నాకు నువ్వొద్దు' అని ఎలా చెప్పేది? నాకు చెప్పడం రాదు కదా. అందుకని తలనొప్పన్నాను."

"అందుకని నన్ను కూర్చోబెట్టావు."

"నువ్వైతే లేచి, నాలుగు చీవాట్లు పెట్టి, పని చూసుకోమంటావని. ఎప్పుడూ నువ్వే కదా? కాలేజీ దగ్గర నా వెంటపడ్డవాణ్ణి పంపించింది నువ్వే. నేను మానేసిన ట్యూషను మాస్టారికి మానేసిందని చెప్పింది నువ్వే. నాకు రాని పనులన్నీ నీకొచ్చుగా." ఆమె నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగింది. "తర్వాత నువ్వేం చెప్పలేదు. నన్ను బాధపెట్టడం ఎందుకని చెప్పలేదనుకున్నాను. నేనూ అడగలేదు. ఏం, అడగాల్సిందా?"

మనుషులు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని, పక్కపక్కన పడుకుని బతుకుతారు. ఒకరి గురించి ఒకరికి అంతా తెలుసనుకుంటారు. అడగడం ఎప్పుడు మానేశారో వాళ్లకే గుర్తుండదు.

"నేను వద్దనలేదు" అంది పెద్దమ్మాయి.

"అంటే?"

"ఇష్టమైతే దబ్బనం ఇటు పంపమన్నాడు. పంపాను."

చిన్నది లేచి నిలబడింది. దువ్వెన కింద పడింది. "పంపావా? అవునన్నావా? నా తరఫునా?" గొంతు పెరుగుతోంది. "ఏమనుకుంటున్నావక్కా నన్ను? నాకేం బట్టలు కొనాలో నువ్వే చెప్పావు, ఏం చదవాలో నువ్వే చెప్పావు, ఊరుకున్నాను. ఎవరితో బతకాలో కూడా నువ్వే చెప్పేస్తావా? నన్నొక్క మాట అడగొద్దా? వాడు ఇప్పుడు నాన్నతో వ్యానులో..."

"నీ తరఫున కాదు."

"మరెవరి..."

చిన్నది మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె కళ్లు అక్క మొహం మీద తిరిగాయి. నుదుట పెద్దబొట్టు. చెవుల వెనక జాగ్రత్తగా దోపుకున్న జుట్టు. వారం రోజులుగా వంటగదిలోంచి వినపడుతున్న కూనిరాగం ఇప్పుడు మళ్లీ ఆమె చెవుల్లో మోగింది కాబోలు, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నిన్నే అడిగాడనుకున్నావా?" అంది, ఊపిరి కంటే చిన్న గొంతుతో.

గోడ సున్నం పెద్దమ్మాయి వీపుకి చల్లగా తగులుతోంది. అంతవరకే ఆమెకి తెలుస్తోంది.

"ఎప్పటి నుంచి అక్కా?"

"నీకనవసరం."

"నాకెందుకు చెప్పలేదు? నాకొక్క మాట చెప్పుంటే..."

"చెప్తే ఏం చేసేదానివి? తలనొప్పి రాకుండా చూసుకునేదానివా?"

ఆ మాట తగిలింది. చిన్నదాని కళ్లు నిండిపోయాయి. ముందుకొచ్చి చేతులు చాపింది. చిన్నప్పుడు పడి మోకాలు కొట్టుకున్నప్పుడు చాపినట్టే, కానీ ఈసారి ఎత్తుకోమని కాదు, ఎత్తుకుంటానని.

పెద్దమ్మాయి పక్కకి జరిగింది. "ముట్టుకోకు. ఏడిస్తే ఏడువు, కానీ నా కోసం ఏడవకు. అదొక్కటి చెయ్యకు నాకు."

"నాకతను వద్దక్కా. నిజంగా వద్దు. నేనే చెప్తాను, ఈ రోజే చెప్తాను. అప్పుడు అతను... నువ్వే కదా అసలు ఒప్పుకున్నది, నీతోనే..."

"అదా?" పెద్దమ్మాయి నవ్వింది. వినడానికి బాగాలేని నవ్వు. "చిన్నప్పటి నుంచి నీ కంచంలో నువ్వు వదిలేసింది నేనే తిన్నాను. పారెయ్యడానికి మనసు రాక. ఇదీ తినమంటావా?"

చిన్నది నేల మీద కూలబడి, తడిజుట్టులో మొహం దాచుకుని ఏడ్చింది. పెద్దమ్మాయి చూస్తూ నిలబడింది. వంగి ఆ ముడి విప్పుదామని చెయ్యి ఒక్కసారి కదిలింది. కదిలిన చేతిని తానే వెనక్కి తీసుకుని, చంకలో పెట్టుకుంది. ఇంతకాలం ఎవరెవరికో తాను వద్దు అనగలిగింది చెల్లెలి కోసమే. తన కోసం ఒక్కసారి అవును అంది. ఆ ఒక్కసారీ చెల్లెలి కోసమే అయిపోయింది.

కింద వ్యాను ఆగిన చప్పుడైంది.

"మొహం తుడుచుకో" అంది పెద్దమ్మాయి. "ముందు నేను అతనితో మాట్లాడతాను. పక్కకి పిలిచి చెప్తాను, వెనకాల ఉన్నది నేనని. నవ్వుకుంటే నవ్వుకుంటాడు. తర్వాత నీ మాట నువ్వు చెప్పుకో. నేను చెప్పను."

అలా అనుకున్నందుకు ఆమెకి కొంచెం ఊపిరాడింది. నిజం చెప్పాలని తీర్మానించుకున్న మనిషికి చెప్పేదాకా ఉండే తేలిక అది. చెప్పే అవకాశం మాత్రం రాలేదు.

"పెద్దమ్మాయ్! ఓ పెద్దమ్మాయ్!" మేస్త్రి మెట్లెక్కుతూనే పిలుస్తున్నాడు. మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకీ తిట్టుకుంటూ ఎక్కే మనిషి, ఈ రోజు తిట్టడం మరిచిపోయాడు. గుమ్మంలోకి వచ్చి రొప్పుతూ నిలబడ్డాడు. మొహమంతా చెమట, మొహమంతా నవ్వు. భార్య పోయాక ఆయన పళ్లన్నీ కనపడేలా నవ్వడం కూతుళ్లు ఇద్దరూ చూడలేదు.

"ఎంత గుండెలు తీసినవాడే వీడు! మూగోడు మూగోడు అనుకుంటే దారిలో నోరు తెరిచాడు. 'మేస్త్రిగారూ, మీ అమ్మాయిని...' అన్నాడు. అంతే, అక్కడే ఆగిపోయాడు, ఇక ముందుకి రాదే బండి! నేనే అందుకున్నాను. ఒరేయ్, నువ్వు చెప్పేదేంట్రా నాకు? వారం నుంచి నా కూతురు వంటింట్లో పాడుకుంటుంటే నాకు చెవుల్లేవా? అడిగితే నీకు సిగ్గని ఊరుకున్నానే గానీ, రోజూ చూస్తూనే ఉన్నాను."

"నాన్నా..." అంది పెద్దమ్మాయి.

"ఆగవే! చెప్పనీ. ఆ డాక్టరుగారింటి గుమ్మంలోనే వాణ్ణి కావలించుకున్నాను. కుర్చీ కింద పడేశాం ఇద్దరం కలిసి. పెద్దదానికి పెళ్లి చెయ్యకుండా నేను పోతానేమో అని ఎన్ని రాత్రులు పడుకోలేదో నీకేం తెలుసు? నీ బతుకంతా మాకే పోసేశావు, ఎవడొస్తాడు నిన్ను చూడటానికి అని... వచ్చాడు కదే. మా కళ్లముందే ఉన్నాడు. మాటిచ్చేశాను."

ఆయన వెనక, మెట్ల మీద, కొత్తబ్బాయి నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం వెలిగిన మొహమేనా అది? మెట్టు కింద మెట్టు వెతుక్కుంటున్నవాడిలా ఉన్నాడు. 'పెద్దది కాదండీ, చిన్నది' అని దారి పొడుగునా ఎన్నిసార్లు నోటి దాకా తెచ్చుకున్నాడో, ఆ పెద్దాయన కావలించుకుని ఏడుస్తుంటే ఎన్నిసార్లు మింగేశాడో. ఇప్పుడు తలెత్తి పెద్దమ్మాయి వైపు చూశాడు. మీరే చెప్పండి వదినా, మీరు చెప్తే అయిపోతుంది అని అడుగుతున్నాయి ఆ కళ్లు. ఆ ఇంట్లో అందరూ ఆమెని అలాగే చూస్తారు. తాము చెప్పలేనిది ఆమె చెప్పాలి.

మేస్త్రి వచ్చి పెద్దకూతురి తల మీద చెయ్యి వేశాడు. "నీ నోటితో ఒక్కసారి చెప్పమ్మా, వింటాను. నీకిష్టమేనా?"

చిన్నది నేల మీద నుంచి లేచింది. పెద్దమ్మాయి తండ్రి మొహం చూసింది. తలుపు అవతల ఆ కళ్లు చూసింది. చెప్పాల్సింది ఏమిటో ఆమెకి తెలుసు. ఇందాకే, ఈ గదిలోనే అనుకుంది కూడా. కానీ ఎవరూ ఆమెని ఇంతవరకు ఆ ప్రశ్న అడగలేదు. తండ్రి ఇప్పుడు అతను కోరింది ఎవరినని అడగలేదు, పెళ్లికూతురు ఎవరని అడగలేదు. నీకిష్టమేనా అని అడిగాడు. దానికి ఆమె దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, అబద్ధం ఏమాత్రం కలవనిది.

"ఇష్టమే నాన్నా" అంది.

మేస్త్రి భుజం మీద తువ్వాలు మొహానికి అద్దుకున్నాడు. "విన్నావా? విన్నావట్రా? ఇంకా మెట్ల మీదే ఉన్నావేం, లోపలికి రా!"

కొత్తబ్బాయి లోపలికి రాలేదు. గుమ్మం చెక్కని రెండు చేతులా పట్టుకుని, మేస్త్రిని దాటి, పెద్దమ్మాయిని దాటి, కిటికీ దగ్గర తడిజుట్టుతో నిలబడ్డ పిల్ల వైపు చూశాడు.

"నువ్వు ఇంకా ఏమీ మాట్లాడవా?" అన్నాడు.

మేస్త్రి చెయ్యి పెద్దకూతురి తల మీదే ఉంది. ఆయన మొహం మాత్రం మెల్లగా చిన్నదాని వైపు తిరిగింది.